కొయ్య కొసన తాగుతుంది

కార్తీకంలో పడిన వాన పుష్యంలో బయటపడుతుంది. సంక్రాంతికి ఇల్లు దులిపి సున్నాలు వేసుకునే రోజుల్లో, నెల్లూరు తీరాన ఏ పాత పెంకుటింటి ముందైనా నిలబడి తల పైకెత్తి చూడండి. వాసాల కొసలను మూస్తూ చూరు పొడవునా అడ్డంగా కొట్టిన పలక ఒకటి ఉంటుంది. దాని మీది రంగు అక్కడక్కడా బొబ్బలు కట్టి ఉంటుంది. గోటితో గిల్లితే బొబ్బ పగిలి, లోపలి కొయ్య నల్లగా, చెమ్మగా కనబడుతుంది. ఇంటివాళ్లు రంగు మంచిది కాదంటారు. అమ్మినవాణ్ణి తిడతారు, వేసినవాణ్ణి తిడతారు, అదే పలక మీద ఇంకో పూత వేయిస్తారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి కథ మొదటికొస్తుంది.

మా ఇంటి చూరుపలక మార్చిననాటికి నాకు పదేళ్లు. ముసలి ఆచారి ఒకాయన కొత్త పలకను అరుగుకు ఆనించి, దాని ముఖం జోలికే పోకుండా, రంపంకోత పడిన రెండు కొసలకూ గుడ్డతో నూనె రుద్దుతూ కూర్చున్నాడు. రుద్దడం, ఆరనివ్వడం, మళ్లీ రుద్దడం. పొద్దు వాలుతోంది. "ఎవరికీ కనపడని చోట అంతసేపెందుకు తాతా?" అని అడిగాను. "మొగానికి ఎప్పుడైనా ఎయ్యొచ్చబ్బయా. కొయ్య తాగేది కొసనే" అన్నాడు. ఆ మాట వెనకున్న శాస్త్రం నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. చూరుకు మళ్లీ రంగు వేయించాలనుకునేవాళ్లకు అంతకన్నా పనికొచ్చే మాట నేను ఇంతవరకు వినలేదు.

చెట్టు బతికున్నప్పుడు వేరు తాగిన నీరు ఆకుదాకా ఎక్కాలి. అందుకోసం కాండం నిండా నిలువు గొట్టాలుంటాయి. టేకుముక్కను అడ్డంగా నున్నగా కోసి వెలుతురులో పట్టుకుంటే, సూదిమొనతో గుచ్చినట్టు వరసలు వరసలుగా ఆ గొట్టాల నోళ్లు కంటికే కనబడతాయి. చెట్టును కొట్టినా, పలకగా కోసినా, చూరుకెక్కించి మేకులు కొట్టినా గొట్టాలు మాత్రం గొట్టాలుగానే ఉంటాయి. పలక వెడల్పు ముఖంలో అవి పడుకుని ఉంటాయి కాబట్టి, అక్కడ పడిన వానచుక్క లోపలికి పోవాలంటే ఒక కణం గోడ తర్వాత ఇంకో గోడ దాటాలి. అడ్డకోత పడిన కొసలో అయితే నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. పక్కనుంచి ఇంకే నీటికంటే కొసనుంచి ఎక్కే నీరు ఎన్నో రెట్లు ఎక్కువ. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడవచ్చు. ఒకే కర్రనుంచి రెండు ముక్కలు కోయండి. ఒకదాని కొసలకు కొవ్వొత్తి మైనం కరిగించి పట్టించండి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. రెంటినీ తూచి, రాత్రంతా నీళ్లలో ఉంచి, పొద్దున తుడిచి మళ్లీ తూచండి. మైనం లేని ముక్క ఎంత తాగిందో తక్కెడే చెబుతుంది.

మన తీరపు ఇళ్లలో టేకు కన్నా తాటిదూలాలు, తాటివాసాలే ఎక్కువ. తాటిచెట్టు నిజానికి మాను కాదు, గడ్డికి దగ్గరి చుట్టం. దానికి ఏటేటా పెరిగే వలయాలు లేవు. గొట్టాల కట్టలు కాండం వెలుపలి అంచున చిక్కగా, నల్లగా, ఇనుములా ఉంటాయి. మధ్యకు పోయేకొద్దీ పలచబడి బెండులా మెత్తబడతాయి. టేకుకు చేవ లోపలుంటే తాటికి చేవ బయటుంటుంది. అందుకే పాతకాలం వాళ్లు తాటిమాను చీల్చి, లోపలి మెత్తదనమంతా చెక్కేసి, చేవను మాత్రమే వాసంగా వాడారు. తొందరపడి మెత్తభాగాన్ని ఉంచేసిన వాసానికి పైన ఎన్ని పూతలు వేసినా, కొసన ఉన్న ఆ బెండు నీళ్లు తాగుతూనే ఉంటుంది.

నీళ్లలో నానకపోయినా కొయ్య గాలిలోని తేమను పీల్చుకుంటుంది, విడిచిపెడుతుంది. గాలి తేమ 50 శాతం దగ్గరుంటే కొయ్యలో నీరు దాని పొడిబరువులో 9 శాతానికి అటూఇటూ నిలుస్తుంది. గాలి తేమ 85 శాతం మీద చాలా రోజులుంటే 18 శాతం దాకా పోతుంది. రోహిణికార్తె పడమటిగాలికి మొదటి స్థితి, విశాఖకార్తె ముసురుకు రెండోది. ఈ రెంటి మధ్య 20 సెంటీమీటర్ల వెడల్పు టేకుపలక, కోసిన తీరును బట్టి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, తరుగుతుంది. దాని మీది రంగు, మూడు పూతలూ కలిపి చూసినా, మిల్లీమీటరులో పదో వంతు మందం. అంత పలచని పొర ఏటా ఆ సాగుడుకూ ముడుచుకోవడానికీ ఓర్చుకోవాలి.

పైగా ఏ రంగూ నీటికి పూర్తి అడ్డుగోడ కాదు. అది ఆవిరిని నెమ్మదిగా రానిచ్చే, పోనిచ్చే జల్లెడ. కొసనుంచి నీరు గబగబా ఎక్కి, ముఖంలోంచి నెమ్మదిగా మాత్రమే పోగలిగితే ఏమవుతుంది? మర్నాడు ఎండ కాస్తుంది, లోపలి నీరు ఆవిరై రంగును వెనకనుంచి తోస్తుంది. అదే బొబ్బ. అప్పుడు ముఖానికి ఇంకో రెండు పూతలు దట్టిస్తే జల్లెడ కన్నాలు ఇంకా మూసుకుంటాయి, నీరు ఇంకా లోపలే నిలుస్తుంది. కొయ్యలో నీరు 20 శాతం లోపుంటే కుళ్లు పట్టించే బూజు పెరగలేదు. అది దాటి 28 శాతం దగ్గరికి పోతే దానికి పండగ. కొసలు వదిలేసి ముఖానికి నాలుగు పూతలు పట్టించిన పలక, ఏ రంగూ లేని పక్కింటి పలక కన్నా ముందు కుళ్లడం నేను కళ్లారా చూశాను.

ఈ పలక మన చూర్లకు ఎప్పుడు వచ్చిందో తలచుకోవడం మంచిది. తాటాకు కప్పుకు దీనితో పని లేదు. ఆకే కిందికి జారి వాసాలను కప్పేది. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక, ఒకదానికొకటి గాడిలో కూర్చునే ఎర్రపెంకులు దక్షిణదేశమంతటా పాకాయి. మన వాళ్లు వాటిని బెంగుళూరు పెంకులన్నారు. తిన్నని వరసలు, తిన్నని అంచు, ఆ అంచు కింద బోసిగా వాసాల కొసలు. ఆ కొసలను మూయడానికీ, గాలి కిందనుంచి దూరి పెంకులను లేపకుండా కాయడానికీ పలక వచ్చింది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానులాంటి గాలిలో వాన పైనుంచి పడదు, అడ్డంగా కొడుతుంది, చూరు కిందనుంచి పైకి ఎగజిమ్ముతుంది. అప్పుడు తడిసేది మనం రంగు వేసిన ముఖం ఒక్కటే కాదు. రంగు ఎన్నడూ ఎరగని వెనకభాగం, అడుగంచు, అతుకులు అన్నీ తడుస్తాయి.

ఆచారి ఆరోజు రుద్దిన నూనె ఏదో నాకు వాసన మాత్రమే గుర్తుంది. అవిసెనూనె అనుకుంటాను. ఏ నూనె అన్నది చిన్న విషయం కాదు. మన ఇళ్లలో గడపకూ తలుపుకూ ఆముదం రాసే అలవాటుంది. ఆముదం రాసిన గడప ఏడాది తర్వాతా జిడ్డుగానే ఉంటుంది, దుమ్ము అంటుకుంటుంది. అవిసెనూనె రాస్తే కొద్దిరోజులకు గట్టిపడి తొక్క కడుతుంది. రెండూ గింజల నూనెలే, మరి ఈ తేడా ఎక్కడిది? నూనె అణువులో ఉండేవి పొడవాటి కార్బన్ గొలుసులు. ఆ గొలుసుల్లో కొన్నిచోట్ల జంటబంధాలుంటాయి. గాలిలోని ఆక్సిజన్ ఆ బంధాల దగ్గర పట్టుకుని, ఒక గొలుసును పక్క గొలుసుతో ముడివేస్తుంది. ముడులు పెరిగేకొద్దీ ద్రవం వలగా, వల పొరగా మారుతుంది. అవిసెనూనెలో సగానికి పైగా ఉన్న లినొలెనిక్ ఆమ్లపు గొలుసులో మూడు జంటబంధాలున్నాయి. ఆముదంలో సుమారు 90 శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లంలో ఒక్కటే ఉంది. ఒక్క చేత్తో వల అల్లడం కుదరదు. రంగుల తయారీదారులు ఆముదాన్ని వేడిచేసి, అందులోంచి ఒక నీటి అణువును లాగేసి, రెండో జంటబంధం పుట్టిస్తారు. అప్పుడది ఆరుతుంది. ఆ మార్చిన ఆముదం ఇవాళ ఎన్నో రంగుల్లో ఉంది. అంతేగాని గడపకు రాసే ఆముదం మాత్రం చూరుకు పనికిరాదు.

మన రేవుల్లో చెక్కపడవలకు చేపనూనె పట్టించిన పెద్దలు రసాయనశాస్త్రం చదవలేదు. కాని నూనెకవళ్ల కొవ్వులో అయిదారు జంటబంధాలున్న గొలుసులు ఉంటాయని ఇప్పుడు మనకు తెలుసు. గాలి తగిలితే చాలు, అవి ముడిపడిపోతాయి. జీడిపిక్క పెంకులోంచి తీసే నల్లనూనె ఇంకో అడుగు ముందుంది. చర్మాన్ని పొక్కించే ఆ నూనెలోని ఫినాలు జాతి పదార్థాలు పురుగుకూ బూజుకూ విషం. వాటికి తగిలించి ఉన్న పదిహేను కార్బన్ల తోకలో జంటబంధాలుండటంతో అది గట్టిపడుతుంది కూడా. ఇసక దిబ్బల మీద జీడిమామిడి పెంచే తీరానికి కొయ్యను కాచే మందు తోటలోనే ఉంది. పలక వెనకవైపుకూ కొసలకూ పలచగా పూసిన జీడినూనెను నేను ఇప్పటికీ సిఫారసు చేస్తాను, చేతులకు తొడుగు లేకుండా మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. పైపూత వేసే ముఖానికి అది వద్దు. దాని నలుపు రంగులోంచి పైకి ఊరుతుంది. మరో జాగ్రత్త కూడా చెప్పాలి. అవిసెనూనె ముడిపడేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. విప్పి దండెం మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

దుకాణంలో దొరికే ఎనామిల్ ఈ నూనెలకు మనవడే. నూనెను రెజిన్‌తో కలిపి చేసిన ఆల్కిడ్ అది. అదీ ఆక్సిజన్ పట్టుకునే ఆరుతుంది. చిక్కేమిటంటే ముడులు పడటం ఆగదు. ఏళ్లు గడిచేకొద్దీ పొర బిరుసెక్కి, కొయ్య సాగినప్పుడు తాను సాగలేక పగులుతుంది. నీటితో కలిపే ఆక్రిలిక్ రంగు తీరు వేరు. నీటిలో తేలే సన్నని ప్లాస్టిక్ గుండ్లు, నీరు ఆరాక ఒకదానిలో ఒకటి కరిగి పొరవుతాయి. ఆ పొర ఏళ్ల తరబడి సాగుతుంది. కొయ్యకు అంటుకునే తొలిపూతగా ఆల్కిడ్ ప్రైమరు, ఎండకు నిలిచే పైపూతగా బయటివాడకం ఆక్రిలిక్. తీరపు చూరుకు నా తీర్పు ఇదే.

ప్రైమరు డబ్బాలో మన నేలదే ఒక దినుసు ఉండే వీలుంది. గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టుపట్ల గనుల్లోంచి తీసిన అభ్రకం నెల్లూరు పేరుతో ప్రపంచానికి తెలుసు. విద్యుత్ పరికరాలకే అది ప్రసిద్ధి. కాని మెత్తగా దంచిన అభ్రకపు రేకులను రంగులో కలిపితే, అవి పొరలో చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. తిన్నగా దూరవలసిన నీటి ఆవిరి ఆ రేకులను చుట్టుకుంటూ వంకరదారిన పోవాలి. దారి పొడవైతే రాక తగ్గుతుంది.

ఇక ఉప్పు. ఇస్కపల్లి కొటార్లలో ఉప్పు గీసేవాళ్లకు తెలిసినంత ఇది రంగు మేస్త్రికి తెలియాలి. మడిలో ఉప్పు తేరాక మిగిలే చేదునీటిని వాళ్లు వదిలించేస్తారు. అందులో ఉండే మెగ్నీషియం క్లోరైడు కలిసిన ఉప్పు ఎంత ఎండినా చెమర్చుతూనే ఉంటుంది. తినే ఉప్పు గాలితేమ 75 శాతం దాటితే నీళ్లూరుతుంది. మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. అలలు చిట్లి గాలిలోకి లేచే తుంపరలో ఈ రెండూ ఉంటాయి. అవి ఏడాది పొడవునా చూరు మీద వాలతాయి. ఆ ఉప్పును కడగకుండా రంగు వేస్తే, రంగుకూ కొయ్యకూ మధ్య నీటిని గుంజే పొడి చల్లినట్టే. బొబ్బ కింద దొరికిన నీటిని నాలుక చివర పెట్టుకుంటే ఉప్పగా తగులుతుందని మేస్త్రులు చెబుతారు, దయచేసి మీరు పెట్టుకోవద్దు, ఎందుకో ముందుముందు చెబుతాను. పాతరంగును ముందు మంచినీళ్లతో, మెత్తటి కుంచెతో, పైనుంచి కిందికి రెండుసార్లు కడగండి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే వాటిని వాడవద్దు. ఉప్పుకు భయపడేది రంగొక్కటే కాదు, మేకు కూడా. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, మేకు తలచుట్టూ కొయ్య చీలి కొత్త కొస పుడుతుంది. జింకు పూత ఉన్నవో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడితే ఆ కొస పుట్టదు.

పాతరంగును గీకే ముందు ఆగవలసిన చోటొకటుంది. ఒకప్పుడు రంగులకు తెలుపునూ, త్వరగా ఆరే గుణాన్నీ ఇచ్చింది సీసం. 1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటివైద్యుడు, పిల్లల్లో కనబడుతున్న సీసపు విషానికి ఇంటి వరండా కటకటాల రంగే కారణమని రాశాడు. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండు మనలాంటి ఎండ, మనలాంటి వాన ఉన్న నేల. ఎండకు రంగు పొడిబారి కటకటాల మీద సున్నంలా నిలిచేది. పిల్లలు పట్టుకుని ఆడేవాళ్లు, ఆ వేళ్లు నోట్లో పెట్టుకునేవాళ్లు. ఆయన మాట చెవికెక్కడానికి ఏళ్లు పట్టింది. 1922లో అక్కడ పిల్లల చేతికందే చోట సీసపు రంగును చట్టం నిషేధించింది. 1921లోనే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ల లోపలి పనుల్లో తెల్లసీసాన్ని కట్టడిచేసే ఒప్పందం చేసింది. మన దేశంలో ఇంటిరంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలు మించకూడదన్న నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. ఈ తేదీలు చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఆ మధ్యకాలమంతా మన చూర్ల మీద ఏ రంగులు పడ్డాయో లెక్క చూసినవాళ్లు లేరు. 2017కు ముందటి ఎనామిల్ ఏదైనా అందులో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. పొడిగా గరుకు కాగితం పట్టవద్దు. మంట పెట్టి పొక్కించవద్దు. నీళ్లు చల్లుతూ గీకండి. కింద పట్టా పరిచి రాలిందంతా ఏరండి. ఆ రోజు పిల్లలనూ, గర్భిణులనూ ఇంట్లో ఉంచవద్దు. సారవ ఎక్కి గీకే మనిషికి ముక్కుకు మంచి మాస్కు, పని అయ్యాక స్నానం, వేరే బట్టలు ఇవ్వడం ఇంటివాళ్ల బాధ్యత. రోజు కూలికి వచ్చిన మనిషి ఆ పొడిని తన బిడ్డల దగ్గరికి మోసుకుపోకూడదు.

పనికి కాలం ఏది? నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెల్లో కొయ్య గొంతుదాకా తాగి ఉంటుంది. సంక్రాంతికి ఇల్లు మెరవాలన్న తొందరలో ఆ తడికొయ్య మీదే రంగు వేయడం మనం ఏటా చేసే తప్పు. గోడకు సున్నం పండక్కి వేసుకోండి. కొయ్యను శివరాత్రి దాకా ఆగనివ్వండి. నీరు 15 శాతం లోపుకు దిగాక వేయాలి. కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. అవి లేకపోతే గీకిన చోట పాలిథిన్ ముక్క టేపుతో అంటించి, పొద్దున లోపల చెమ్మ పట్టిందేమో చూస్తే కొంత తెలుస్తుంది. అయితే గీకిన కొయ్యను ఎండలో వారాల తరబడి వదిలేయవద్దు. కొయ్య కణాలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురును అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి. పైపొర బూడిదరంగు పీచై పోతుంది, ఆ పీచుకు అంటుకున్న రంగు పీచుతోపాటే ఊడుతుంది. ఆరాక గీకండి, గీకిన రెండు మూడు రోజుల్లో ప్రైమరు పడాలి.

రోజులో వేళ కూడా ఉంది. తెల్లవారుజామున పడిన మంచు ఆరేదాకా ఆగాలి. పడమటి చూరు ఉదయం నీడలో ఉంటుంది, దాన్ని ముందు చేయండి. సముద్రానికెదురుగా ఉన్న తూర్పు చూరుతోనే పేచీ. పొద్దున ఎండ నేరుగా కొడుతుంది, మధ్యాహ్నం నీడ వచ్చేసరికి ఉప్పుగాలి మొదలవుతుంది. ఎండ నెత్తికెక్కి పలక మీద ఏటవాలుగా పడే పది, పన్నెండు గంటల మధ్య దాన్ని ముగించడమే దారి.

పలకను ఊడదీయకుండా మళ్లీ రంగు వేస్తున్నా కొసలకు చేరే మార్గముంది. చూరువరసలో పలక అతుకులున్న చోట రెండు మూడు పెంకులు చేత్తోనే పైకెత్తి తీయవచ్చు. అతుకు కనబడుతుంది, వెనకభాగం కనబడుతుంది, వాసం కొస కనబడుతుంది. సన్నకుంచెతో కొద్దిగా పలచన చేసిన ప్రైమరును ఆ నోళ్లలోకి, అవి తాగడం మానేదాకా పట్టించండి. ఆరాక చిక్కటిది ఇంకో పూత. ఆ తర్వాతే లప్పం, ఆ తర్వాతే ముఖం. ఎంత మంచి మేస్త్రి అయినా కింద నిలబడి అడగకపోతే ఆ పెంకులు ఎత్తడు, ఎందుకంటే ఆ పనికి ఎవరూ కూలి లెక్కగట్టరు. ఆ కూలి వేరుగా ఇస్తామని ముందే చెప్పండి, పెంకులెత్తిన రోజు మీరే దగ్గరుండండి. పెంకు తిరిగి కప్పాక ఆ కొసకు మళ్లీ ఏళ్ల తరబడి కుంచె అందదు.